ఇవాళ బోటు లేదు!

*కార్తీకం వచ్చింది. పాపికొండల బోట్లు, సాగర్ లాంచీలు, భవానీ ద్వీపం పడవలు జనంతో కళకళలాడుతున్నాయి. ఎక్కిన ప్రతివాడూ కొండల అందం చూస్తాడు. ఆ బోటు కదలాలో వద్దో తేల్చే మనిషిని మాత్రం ఎవరూ చూడరు. రేవు బాధ్యతను మోసే ఆ పర్యవేక్షకుడి గురించే ఈ కథనం.*

ఉదయం ఏడున్నర. గండిపోచమ్మ రేవులో మంచు ఇంకా నీళ్లను వదల్లేదు. కార్తీక ఆదివారం కదా, రాజమహేంద్రవరం వైపు నుంచి, కాకినాడ వైపు నుంచి వచ్చిన కార్లు గుడిదాకా బారులు తీరాయి. దిగినవాళ్లలో సగం మంది అమ్మవారి దర్శనానికి, సగం మంది టీ కొట్టుకు. బోటు పై అంతస్తులో పాటల కుర్రాడు మైకు సరిచూసుకుంటున్నాడు. వంటవాళ్లు ఉప్మా గిన్నె ఎక్కిస్తున్నారు.

అంత సందడిలోనూ ఒకాయన ఒడ్డున వంగి నిలబడి బోటు పక్కన గీసిన రంగు గీతను చూస్తున్నాడు. నీటికి ఆ గీత ఎంత పైన ఉందన్నదే ఆయన చూపు. తరవాత ఇంజిను దగ్గరి చెక్క ఎత్తించి, అడుగున నీరెంత చేరిందో టార్చి వేసి చూశాడు. చుక్కాని ఇటూ అటూ తిప్పించాడు. గుట్టగా పడేసిన లైఫ్‌జాకెట్లలోంచి నాలుగైదు లాగి బకిల్స్ పట్టి గుంజాడు. ఒకటి ఊడి చేతికొచ్చింది, దాన్ని పక్కన పడేయించాడు. ఆఖరికి బోటు నడిపే సరంగు దగ్గరికి వెళ్లాడు.

"ఏం బాబాయ్, రాత్రి పడుకున్నావా?"

"పడుకున్నానండీ. మనవరాలికి జ్వరం, మధ్యలో ఓసారి లేచాను."

ఆ మాట అడిగింది పరామర్శకు మాత్రమే కాదు. నిద్రలేని కళ్లతో డెబ్భై ఎనభై మందిని నది మలుపుల్లో తిప్పకూడదు. సరంగు చేత శ్వాసపరీక్ష యంత్రంలో ఊదించి, ఎగువన నీటిమట్టం కనుక్కోవడానికి ఫోను తీశాడు. ఇంతలో ఒక పెద్దాయన వచ్చాడు. "మావాళ్లు ఇంకో నలుగురు దారిలో ఉన్నారండీ. పిల్లలే, సర్దుకుంటాం" అన్నాడు. ఈయన నవ్వుతూనే, "వాళ్లకి తర్వాతి బోటండీ" అన్నాడు.

పెద్దాయన ముఖం మాడిపోయింది. కాసేపట్లో ఎవరో పలుకుబడి ఉన్నవాళ్ల నుంచి ఫోను రావచ్చు. వచ్చినా జవాబు మారకూడదు. ఏ రేవులోనైనా సెలవురోజు ఉదయం ఇలాగే గడుస్తుంది. గడవని రేవులో ఏమవుతుందో తెలుగువాళ్లకు బాగా తెలుసు.

కచ్చులూరు నేర్పినది

2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర తిరగబడింది. బోటులో 77 మంది ఉన్నారు. 26 మంది బయటపడ్డారు. మిగిలిన 51 మందిని గోదావరి తీసుకుపోయింది. బోటును, మునిగిన పడవలు వెలికితీసే ధర్మాడి సత్యం బృందం ఎన్నో ప్రయత్నాల తరవాత అక్టోబరు 22న బయటికి లాగింది. ఆ ఐదు వారాలూ ఒడ్డున కూర్చుని ఎదురుచూసిన కుటుంబాల ముఖాలు టీవీలో చూసినవాళ్లెవరూ మరిచిపోలేరు.

అంతకు రెండేళ్ల ముందు, 2017 నవంబరు 12న, విజయవాడ దగ్గర కృష్ణా నదిలో పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడి 22 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది ఒంగోలు నుంచి కలిసి వచ్చిన స్నేహితులు, వాళ్ల కుటుంబాలవాళ్లు. అదీ ఆదివారమే, కార్తీకమాసపు ఆదివారం. 2018 మే నెలలో గోదావరి మీదే రెండు ఘటనలు. మే 11న పర్యాటకుల బోటుకు నిప్పంటుకుంది, అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. నాలుగు రోజులకే మంటూరు దగ్గర లాంచీ మునిగింది. అందులో ఉన్నది విహారానికొచ్చినవాళ్లు కాదు, పనులు చూసుకుని ఇళ్లకు వెళ్తున్న గిరిజనులు.

ఒక్కో ప్రమాదం తరవాత ఒక్కో కారణం బయటపడింది. ఒకచోట అనుమతి లేదు, ఒకచోట గాలివాన, ఒకచోట వరద ఉరవడి. అన్నిటిలోనూ నాకు కనిపించేది ఒకటే. బోటు కదిలే ముందు, దాన్ని ఆపగల అధికారం, ఆపాలన్న తెలివిడి, ఆపితే తనకేమీ కాదన్న ధైర్యం, ఈ మూడూ ఉన్న మనిషి ఆ రేవులో లేడు.

కచ్చులూరు తరవాత బోట్లన్నీ ఆగిపోయాయి. 2020 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తొమ్మిది చోట్ల బోటింగ్ కంట్రోల్ రూములు ప్రారంభించింది. గోదావరి మీద గండిపోచమ్మ, సింగన్నపల్లి, పేరంటపల్లి, పోచవరం, రాజమహేంద్రవరం. కృష్ణ మీద నాగార్జునసాగర్, శ్రీశైలం, విజయవాడ బెర్మ్ పార్కు. సముద్రం వైపు విశాఖ రుషికొండ. రెవెన్యూ, పోలీసు, జలవనరులు, పర్యాటక శాఖల సిబ్బంది ఒకే చప్పరం కిందకు వచ్చారు. పాపికొండల విహారం 2021లో మళ్లీ మొదలైంది. అదే ఏడాది పార్లమెంటు 1917 నాటి పాత చట్టం స్థానంలో కొత్త అంతర్గత నౌకల చట్టం తెచ్చింది. బోటు రిజిస్ట్రేషను, సర్వే, నడిపేవాడి అర్హత పత్రం, బీమా దేశమంతటా ఒకే పద్ధతిలో ఉండాలన్నది దాని ఉద్దేశం.

కాగితం మీద ఇదంతా బాగుంది. అమలయ్యేది మాత్రం రేవులోనే, ఉదయం ఏడున్నరకు.

■ మరిచిపోకూడని తేదీలు

2009 సెప్టెంబరు 30, తేక్కడి: కేరళ పర్యాటక సంస్థ సొంత బోటు జలకన్యక పెరియార్ సరస్సులో బోల్తా. 45 మంది మృతి. సర్కారు బోటు అయినంత మాత్రాన భద్రమని కాదు.

2023 మే 7, తానూరు: కేరళలోనే సాయంత్రం వేళ విహార బోటు మునక. 22 మంది మృతి.

2024 జనవరి 18, వడోదర: హరణి చెరువులో బడి పిల్లల విహారం. 12 మంది విద్యార్థులు, ఇద్దరు టీచర్లు మృతి.

2024 డిసెంబరు 18, ముంబయి: ఎలిఫెంటా వెళ్తున్న ఫెర్రీని నౌకాదళ స్పీడ్‌బోటు ఢీకొంది.

2025 జనవరి 26, హైదరాబాద్: హుస్సేన్‌సాగర్‌లో బాణసంచా కాలుస్తుండగా బోట్లు తగలబడ్డాయి.

తల లెక్కా, బరువు లెక్కా

ఎంతమందిని ఎక్కించాలన్నది రేవు పర్యవేక్షకుడికి రోజూ జరిగే యుద్ధం. టికెట్ల లెక్క ఒకటి, ఎక్కిన తలల లెక్క మరొకటి. ఒళ్లో పిల్లలకు టికెట్ ఉండదు. వంటవాళ్లు, పాటలవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు లెక్కలోకి రారు. అందుకే మంచి పర్యవేక్షకుడు కౌంటరు పుస్తకాన్ని నమ్ముకోడు. బల్ల మీద నుంచి ఎక్కుతున్నప్పుడు ఒక్కొక్కరినీ లెక్కబెట్టిస్తాడు. ప్రమాదం జరిగితే "అసలు ఎందరున్నారు?" అన్న ప్రశ్నకు జవాబు ఒడ్డున ఉండాలి. అది లేకపోతే ఎందరికోసం వెతకాలో, వెతుకులాట ఎప్పుడు ఆపాలో ఎవరికీ తెలియదు.

తలల లెక్క సరిపోయినా బరువు లెక్క తప్పవచ్చు. 2005 అక్టోబరు 2న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం లేక్ జార్జ్‌లో ఈథన్ అలెన్ అనే చిన్న విహార బోటు తిరగబడి 20 మంది చనిపోయారు. ప్రయాణికులు 47 మంది, ఎక్కువమంది వృద్ధులు. అనుమతి ప్రకారం చూస్తే పరిమితిలోనే ఉన్నారు. కానీ ఆ అనుమతి ఇచ్చేటప్పుడు మనిషి సగటు బరువు 140 పౌండ్లు, అంటే సుమారు 63 కిలోలు అనుకున్నారు. ఏనాటిదో ఆ లెక్క. మనుషులు బరువెక్కారు, లెక్క అలాగే ఉండిపోయింది. పైకప్పు మార్చడంతో బోటు నిలకడా తగ్గింది. ఆ ప్రమాదం తరవాత అమెరికా తీర రక్షక దళం సగటును 185 పౌండ్లకు, అంటే దాదాపు 84 కిలోలకు పెంచింది.

మన బోట్లలో చూడాల్సింది ఇంకోటి ఉంది, పై అంతస్తు. కింద ఏసీ, పైన పాటలు, డ్యాన్సు. జనం పైకెక్కే కొద్దీ బోటు బరువు పైకి జరుగుతుంది, చిన్న ఒరుగుకే తూలుతుంది. దానికితోడు పాపికొండల మధ్య ఇరుకు దారి రాగానే అందరూ ఒకే పక్కకు చేరి సెల్ఫీలు దిగుతారు. తేక్కడిలో అడవి జంతువులను చూడటానికి జనం ఒక పక్కకు చేరడమూ ఒక కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి. పైన ఎందరుండాలో బోటెక్కకముందే చెప్పడం, ఆ మాట మైకులో చెప్పించడం, మెట్ల దగ్గర సిబ్బందిలో ఒకరిని నిలబెట్టడం పర్యవేక్షకుడి పనే. పాటల కుర్రాడి మైకులోంచి మొదట రావాల్సింది పాట కాదు, జాకెట్ ఎలా కట్టుకోవాలో చెప్పే మాట.

సరంగులు, కళాసీలు

గోదావరి మీద బోటు నడిపేవాడు సరంగు, తాళ్లూ లంగరూ చూసుకునేవాళ్లు కళాసీలు. వీళ్లలో చాలామందికి నది పుట్టుకతోనే పరిచయం. ఏ మలుపులో సుడి తిరుగుతుందో, ఏ నెలలో ఏ ఇసుకమేట ఎటు జరుగుతుందో తాతల నాటి నుంచి తెలుసు. పర్యవేక్షకుడు చాలాసార్లు వాళ్లకంటే వయసులో చిన్నవాడు, పుస్తకం చదివి వచ్చినవాడు. అక్కడే తగువు మొదలవుతుంది. "నేను పుట్టినప్పటి నుంచి ఈ నీళ్లలోనే ఉన్నాను, నాకు చెబుతావా?" అని సరంగు అనుకుంటే రేవు నడవదు. "సర్టిఫికెట్ నా దగ్గరుంది" అని పర్యవేక్షకుడు అనుకున్నా నడవదు.

నది గురించి సరంగు చెప్పేది పర్యవేక్షకుడు వినాలి. నియమం గురించి పర్యవేక్షకుడు చెప్పేది సరంగు వినాలి. ఇద్దరిలో ఎవరు "వద్దు" అన్నా బోటు ఆగాలి. "పోదాం" అనడానికి మాత్రం ఇద్దరూ ఒప్పుకోవాలి. ఇంతకంటే మంచి నియమం నాకు తోచదు.

కళాసీల సంగతి ఇంకా కష్టం. ముసలమ్మ చెయ్యి పట్టుకుని బల్ల మీద నడిపించేది వాళ్లే, ఉప్మా ప్లేట్లు అందించేదీ వాళ్లే, చివరికి బోటు కడిగేదీ వాళ్లే. కార్తీకంలో ఆదివారాలు పొద్దున నుంచి పొద్దుగూకేదాకా నడుం వాల్చరు. అలసిన మనిషి ముడి సరిగా వేయడు. అందుకే సెలవుల పట్టిక రాయడం, అది అమలయ్యేలా చూడటం కూడా భద్రతలో భాగమే, లైఫ్‌జాకెట్ ఎంతో అదీ అంతే.

శిక్షణ విషయానికొస్తే, గోవాలో కేంద్ర ప్రభుత్వపు జాతీయ జలక్రీడల సంస్థ ఉంది. పవర్‌బోటు నడపడం, నీళ్లలో పడినవారిని కాపాడటం అక్కడ నేర్పుతారు. ఒకసారి వెళ్లి పత్రం తెచ్చుకుంటే సరిపోదు. లైఫ్‌బాయ్‌ను తాడుతో సహా గురిగా విసరడం చెయ్యి మరిచిపోయే విద్య. వారానికోసారి బొమ్మను నీళ్లలో పడేసి తీయించే రేవులో, నిజంగా మనిషి పడిన రోజున ఎవరేం చేయాలో ఎవరూ ఎవరినీ అడగరు. నిప్పు విషయమూ అంతే. బోటులో వంట ఉంది, డీజిలు ఉంది, జనరేటరు ఉంది. చుట్టూ గోదావరి ఉన్నా చేతిలో మంటలార్పే సిలిండరు లేకపోతే బోటు కాలిపోతుంది.

■ జాకెట్ కథ

అమెరికా తీర రక్షక దళం ఏటా విడుదల చేసే లెక్కల్లో ఒక మాట పెద్దగా మారదు. బోటు ప్రమాదాల్లో మునిగి చనిపోయినవారిలో ప్రతి పదిమందిలో ఎనిమిదిమందికి పైగా లైఫ్‌జాకెట్ వేసుకోలేదు.

పెద్దవాళ్ల జాకెట్ పిల్లాడికి తొడిగితే నీళ్లలో పడగానే అది పైకి తేలుతుంది, పిల్లాడు కిందికి జారిపోతాడు. పిల్లల సైజు వేరుగా అడగండి. తొడల మధ్య నుంచి పట్టీ ఉంటే అది కట్టండి.

జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా వస్తే వదులుగా ఉన్నట్టే.

భోజనాల వేళ, ఫొటోల వేళ, ఉక్కపోస్తోందని తీసేసే జాకెట్ వేసుకోనట్టే లెక్క.

వరద హెచ్చరిక ఊళ్ల కోసం, బోట్ల కోసం కాదు

గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లలకు కూడా ఈ అంకెలు నోటికి వచ్చు. భద్రాచలం దగ్గర 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటిది, అంటే సుమారు పది లక్షల క్యూసెక్కులు. ఆ హెచ్చరికలు లంక గ్రామాలు ఖాళీ చేయడానికి, గట్లు కాపలా కాయడానికి.

కచ్చులూరులో బోటు మునిగిన రోజున గోదావరిలో ప్రవాహం ఐదు లక్షల క్యూసెక్కుల చిల్లర. అంటే ధవళేశ్వరం మొదటి హెచ్చరికలో సగం! ఆ నెల మొదట్లో వచ్చిన పెద్ద వరద అప్పటికి తగ్గుముఖం పట్టింది. "వరద తగ్గుతోందిలే" అన్న మాట ఎంత ప్రమాదమో ఆ రోజు చూశాం. కొండల మధ్య నది ఇరుకైపోయే చోట ఐదు లక్షల క్యూసెక్కులంటే సుడులు, గుండాలు. అదే నీరు ధవళేశ్వరం దగ్గర మైళ్ల వెడల్పున పరుచుకుని సాధువులా కనిపిస్తుంది. కాబట్టి ఒక్కో రేవుకూ దాని సొంత హద్దు ఉండాలి. నది ఇంత దాటితే ఇక్కడి నుంచి బోటు కదలదు అని గోడ మీద రాసి ఉండాలి, అందరికీ కనిపించాలి.

నీరు తగ్గినా గొడవే. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీ ప్రయాణం ఎంత అందమో వెళ్లినవాళ్లకు తెలుసు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. మట్టం బాగా దిగితే నల్లమల లోయలో రాళ్లు పైకొస్తాయి, లాంచీ నడవదు. నీరు తగినంత ఉన్నప్పుడే ఆ ప్రయాణం. ఎగువన గేట్లు ఎప్పుడెత్తుతారో, విద్యుత్కేంద్రం నుంచి నీరు ఎప్పుడొదులుతారో ముందుగా తెలియాలి. డ్యామ్ ఇంజినీరుతో రేవు పర్యవేక్షకుడికి ప్రతి ఉదయం ఫోను మాట ఉండి తీరాలి.

ఒడ్డున ఇప్పుడు ఊళ్లు లేవు

ఈ కథనంలో అన్నిటికంటే ఎక్కువగా నన్ను కలవరపెట్టేది ఇదే. కచ్చులూరులో బతికిన 26 మందిని కాపాడింది ఏ రక్షణ దళమో కాదు. ఒడ్డున ఉన్న ఊరివాళ్లు, తూటుగుంట గిరిజనులు, తమ నాటుపడవలు వేసుకుని వచ్చి నీళ్లలోంచి లాగారు. సర్కారు బోట్లు చేరేసరికి చేయగలిగింది వాళ్లు చేసేశారు.

ఆ తరవాత పోలవరం ప్రాజెక్టు ముంపులో దేవీపట్నం మండలపు నది ఒడ్డు ఊళ్లు చాలావరకు ఖాళీ అయ్యాయి. దేవీపట్నమే ఖాళీ అయింది. కాఫర్ డ్యామ్ వల్ల వెనక్కి నిలిచే నీటికి గండిపోచమ్మ గుడి కూడా వరదల్లో మునుగుతోంది. రాజమహేంద్రవరం నుంచి నేరుగా నది మీద పోయే దారి మూసుకుపోయింది, బోట్లు గండిపోచమ్మ నుంచి బయల్దేరుతున్నాయి. ఆ దారిలో బోటు మునిగితే కేక విని పరుగెత్తుకొచ్చే ఊరు ఒడ్డున లేదు. చాలాచోట్ల ఫోను సిగ్నలూ ఉండదు.

అంటే ఒకప్పుడు ఊళ్లు ఉచితంగా చేసిన కాపలాను ఇప్పుడు రేవే చేయాలి. విహార బోట్ల వెంట ఒక వేగపు రక్షణ బోటు, అందులో గజఈతగాళ్లు, సిగ్నల్ లేకపోయినా పనిచేసే వైర్‌లెస్ సెట్లు. బోటు ఏ మలుపు ఎన్ని గంటలకు దాటాలో రేవులో రాసి ఉండాలి. అనుకున్న వేళకు కబురు రాకపోతే ఎవరూ అడగకుండానే రక్షణ బోటు కదలాలి. ఇక్కడి నది తెలిసిన నిర్వాసిత కుటుంబాల యువకులనే ఆ ఉద్యోగాల్లోకి తీసుకోవచ్చు. వాళ్లకు ఉపాధి, యాత్రికులకు ప్రాణం. ఇంత తేలికైన న్యాయాన్ని పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంది.

"వద్దు" అన్నవాడికి అండ ఎవరు?

2018 జులై 19న అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం బ్రాన్సన్ దగ్గర టేబుల్ రాక్ సరస్సులో ఒక విహార బోటు గాలివానకు మునిగి 17 మంది చనిపోయారు. వాళ్లలో తొమ్మిదిమంది ఒకే కుటుంబం. తీవ్రమైన గాలివాన వస్తోందని వాతావరణ శాఖ దాదాపు అరగంట ముందే హెచ్చరించింది. హెచ్చరిక ఉంది, ఫోన్లు ఉన్నాయి, ఆపడానికి సమయమూ ఉంది. ఆపలేదు.

ఎందుకు ఆపరు? బోటు ఆగితే టికెట్ డబ్బు వాపసు ఇవ్వాలి. బస్సుల్లో వచ్చినవాళ్లు గొడవ చేస్తారు. బోటు యజమానికి అప్పు వాయిదా ఉంటుంది. వంటవాళ్ల సరుకు పాడవుతుంది. కళాసీకి ఆ రోజు కూలి పోతుంది, వెదురులో చికెన్ కాల్చి అమ్మేవాడి బేరం పోతుంది. ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు. అందరి బతుకూ ఆ బోటు కదలడం మీదే ఉంది. ఇంతమంది కళ్లముందు, ఎగువన నీటి అంకె ఒక్కటి చేతిలో పట్టుకుని "ఇవాళ బోటు లేదు" అనాల్సింది ఒక్కడు. ఆ ఒక్కడి ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించే ఒప్పందం మీద నిలబడి ఉంటే, నెల చివర వసూళ్లెంత అని పైవాళ్లు అతడినే అడిగితే, ఏ ధైర్యంతో అంటాడు?

నేను కోరేది పెద్దదేమీ కాదు. రేవు పర్యవేక్షకుడి జీతానికీ టికెట్ల వసూలుకూ సంబంధం ఉండకూడదు. అతడు ఆపిన బోటును మరే అధికారీ ఫోనులో కదిలించకూడదు. కదిలించాలంటే రేవుకొచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టి, కారణం రాయాలి. నాలుగు శాఖలున్న కంట్రోల్ రూములో ఆఖరి మాట ఎవరిదో ముందే తేలాలి. ఆపిన రోజుకు సరంగుకూ కళాసీలకూ పూర్తి కూలి అందాలి. ఆ డబ్బు టికెట్ మీద వేసే చిన్న రుసుముతో ఒక నిధిగా పోగెయ్యొచ్చు. ఆగిన రోజు కూడా ఇంట్లో అన్నం ఉడుకుతుందని తెలిస్తే, "కాస్త గాలే కదా, పోదాం సార్" అనే మాట సరంగు నోట రాదు.

■ టికెట్ కొనే ముందు ఇవి అడగండి

బోటు ఫిట్‌నెస్ పత్రం, ఎందరిని ఎక్కించాలన్న అంకె ఎక్కడ అతికించారు? కనిపించకపోతే ఎక్కొద్దు.

మీ ఇంటిల్లిపాది పేర్లూ, ఒళ్లో పిల్లలతో సహా, రిజిస్టరులో రాశారా?

చీకటి పడేలోపు తిరిగొస్తుందా?

బోటు రద్దయితే డబ్బు వాపసు ఇస్తారా? ముందే అడిగి తెలుసుకుంటే, రద్దయిన రోజున పర్యవేక్షకుడితో గొడవపడాల్సిన పనుండదు.

ముందున్నది పుష్కరం

2027 జూన్ ఆఖరులో గోదావరి పుష్కరాలు మొదలవుతాయి. 2015 జులై 14న, పుష్కరాల తొలిరోజే రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. ఈసారీ కోట్ల మంది వస్తారు. స్నానం చేసినవాళ్లలో చాలామంది పాపికొండలూ చూసి వెళ్దామనుకుంటారు. జూన్ ఆఖరంటే గోదావరికి కొత్త నీరు దిగే కాలం. ఏ రోజు ఎగువన వాన పడి నీటి రంగు మారుతుందో చెప్పలేం.

ఘాట్ల పనులు, రోడ్లు, రైళ్ల గురించి మాట్లాడుతున్నప్పుడే రేవుల సిబ్బంది గురించీ మాట్లాడాలి. రక్షణ బోట్లు ఇప్పుడే కొని, వాటి మీద మనుషులకు ఒక వరద కాలమంతా తర్ఫీదు ఇవ్వాలి. రేవు రేవుకూ నీటిమట్టం హద్దు రాయించాలి. పర్యవేక్షకుల పోస్టులు శాశ్వతంగా భర్తీ చేసి, ఆపే అధికారాన్ని ఉత్తర్వులో పేరు పెట్టి ఇవ్వాలి. ఆ ఉత్తర్వు 2026 వరదల కంటే ముందే రేవు గోడ మీద అతికితే, పుష్కరాల నాటికి సరంగులకూ జనానికీ అది అలవాటవుతుంది.